ఆయుష్షు తక్కువ ఈగలు

పెళ్లయి శాలిబండలో కాపురం పెట్టిన వారానికే మా ఆయన నాతో ఒక మాట అన్నారు. నేను చాప దులుపుతున్నాను, ఆయన గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటున్నారు. "మనకు పిల్లలు వద్దు," అన్నారు, ఈ పూట పెరుగు వద్దు అన్నంత తేలిగ్గా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చాప అక్కడే పడేసి, ఎందుకు వద్దో చెప్పి మరీ కదలమన్నాను. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. వాళ్ల తాత నలభై దాటలేదట, తండ్రీ దాటలేదట.

"మా రక్తంలనే ఆయుష్షు లేదు. నేను గూడ గంతే. కొడుకు పుడితె వాడూ గంతే. మా అమ్మ లెక్క నువ్వు ఏడ్చుడు చాలదా, ఇంకో పిల్లను గూడ తెచ్చి ఏడిపియ్యాల్నా?"

"గీ ముచ్చట లగ్గానికి ముందు చెప్పొద్దా?"

"చెప్పిన. మీ బాపుకు చెప్పిన. ఆయన నవ్విండు."

మా నాన్న నవ్వే ఉంటాడు. ఆయనకు చావు ముచ్చటైనా పెళ్లి ముచ్చటైనా ముందు నవ్వు వచ్చేది. ఆ రోజు మాత్రం మా నాన్న మీద, మా ఆయన మీద, ఎన్నడూ చూడని ఆ తాత మీద కూడా నాకు ఒళ్లు మండిపోయింది. నాకు పిల్లలు కావాలి. అది దాచుకోవాల్సిన కోరిక అని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

మా ఆయన కాలేజీలో జీవశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్. కప్పను కోసి పిల్లలకు చూపించడం ఉద్యోగం. అసలు పని వేరే ఉండేది. ఆయుష్షు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందా, వస్తే ఎట్లా వస్తుంది, అదీ ఆయన పరిశోధన. మనుషుల్లో చూడాలంటే చూసేవాడి బతుకే చాలదు. పండ్ల మీద ముసిరే సన్న ఈగలైతే నెలా రెండు నెలలే బతుకుతాయి, ఏడాది తిరిగేలోపు ముత్తాతనూ ముని మనవడినీ చూడవచ్చు. కాలేజీలో ఈగలకు చోటు లేదు పొమ్మన్నారు. అందుకని అవి మా ఇంటికి వచ్చాయి. కొత్త కోడలిగా నేను, నా వెనకే సీసాల్లో ఈగలు.

మేముండేది ఒక ముసలమ్మ ఇంట్లో వెనక భాగం. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. లాడ్ బజార్ దుకాణాల వాళ్లు పంపే లక్క గాజులకు అద్దపు ముక్కలు, రాళ్లు పొదుగుతూ బతికేది. నేను ఆమెను పిన్నమ్మ అన్నట్టు ఖాలాజాన్ అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బేటీ అనేది. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేది. మేం ఊరికి పోతే గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఆ ఇంట్లో నాకు తల్లి లేని లోటు తెలియలేదు. ఈ మాట ఆమె బతికుండగా ఆమెకు చెప్పగలిగాను, అదొక అదృష్టం.

ఈగల వంట నా నెత్తిన పడింది. మక్కపిండి, బెల్లం, నీళ్లలో ఉడికించిన చైనాగడ్డి కలిపి సీసాల్లో పోస్తే జున్నులా గట్టిపడుతుంది. దాని మీద నాన్ల దుకాణం నుంచి తెచ్చిన ఖమీర్, అంటే పిండి పులియబెట్టేది, కొంచెం చల్లాలి. ఆపైన ఈగలను వదిలి దూది బిరడా పెట్టాలి. మొగుడికి వండినా వండకపోయినా ఈగలకు వండక తప్పదు. యుద్ధం వచ్చాక చైనాగడ్డి దొరకడమే గగనమైంది. రంజాన్ నెలలో ఫాలూదాకని దాచుకున్నది ఖాలాజాన్ తీసి నా చేతిలో పెట్టింది.

"నేను ఫాలూదా తాగకపోతే ఏం కాదు బేటీ. వాటికి ఆకలి అయితది గద," అంది.

రెండు ఈగల కుటుంబాలుండేవి. ఒకదానికి మూలమైన జంటను మా ఆయన లాడ్ బజార్ మొదట్లో అరటిపండ్ల బండి దగ్గర పట్టారు. రెండో జంటను ఉప్పుగూడలో మా అత్తగారి పెరట్లో, కింద రాలి కుళ్లిన జామపండు మీద పట్టారు. బజారు ఈగలను లోపలి అర్రలో గోడకు కొట్టిన చెక్క మీద పెట్టారు. ఉప్పుగూడ ఈగలను కిటికీ పక్కన గోడ గూట్లో పెట్టారు. కలిసిపోతాయేమోనని ఆయనకు ప్రాణభయం. అందుకని ఈ సీసాలు ఎన్నడూ అటు పోకూడదు, ఆ సీసాలు ఎన్నడూ ఇటు రాకూడదు. ఒకసారి దుమ్ము తుడవడానికి నేను గూట్లోది తీసి చెక్క మీద పెట్టాను, ఆ పూట ఇంట్లో పెద్ద లొల్లి. పరిశోధన అంటే మడి కట్టుకోవడం కన్నా కష్టమని అప్పుడే అర్థమైంది.

మొదట్లో రెండూ దాదాపు ఒకేలా ఉండేవి. ఉప్పుగూడవి కొద్దిగా ముందు పోయేవి, అంతే. నేను ఎగతాళి చేసేదాన్ని. "మీ ఇంటి ఈగలు గదా, గట్లనే ఉంటయి తియ్యుండ్రి," అనేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. పొద్దున లేవగానే రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు వణుకుతున్నాయేమో చూసుకునే అలవాటు ఆయనకు. వాళ్ల నాన్నకూ తాతకూ చివరి రోజుల్లో చేతులు వణికేవట. అది వాళ్ల వంశంలో ఉందని అత్తగారు చిన్నప్పటి నుంచీ చెప్పారు. నవ్వి ఊరుకోవలసింది కాదు అది, నాకు తెలుసు. అయినా నవ్వకపోతే నేను ఆ ఇంట్లో బతకలేకపోయేదాన్ని.

అప్పట్లో సర్కారు సెలవు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం కాలేజీ కాగానే మేమిద్దరం ఉప్పుగూడ పోయి, శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చేవాళ్లం. ప్రతి శుక్రవారం అక్కడికి ఆయన చిన్నాయన కూడా భోజనానికి వచ్చేవాడు. భార్య పోయిన మనిషి, రైలు పట్టాల మీద పని. వదిన చేతి పచ్చిపులుసంటే ప్రాణం. ఆయన గిన్నె ఖాళీ చేస్తుంటే మా అత్తగారు నా వైపు తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏమన్న ఉన్నదా బిడ్డా?"

ఏముంటుంది? కొడుకును అడగొచ్చు కదా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది, మింగేదాన్ని. మా ఆయన తలొంచుకుని తినేవారు. పక్కింటి వాళ్లు నన్ను గొడ్రాలన్నారని కూడా ఒకసారి అత్తగారే చెప్పారు. ఆమె చెడ్డది కాదు. వద్దన్నది కొడుకేనని ఆమెకు తెలియదు.

ఏడాది దాటేసరికి గూట్లో ఈగల పరిస్థితి మారింది. తరం తరానికి ఇంకొంచెం ముందే చచ్చేవి. బజారు ఈగలు మాత్రం హాయిగా తిని తిరిగేవి. ఉప్పుగూడ నుంచి తిరిగొచ్చి చూసేసరికి గూట్లో సీసాల అడుగున ఎండుద్రాక్ష గింజల్లా పడి ఉండేవి. మనం లేని రోజువి కూడా కలిసి ఒక్కసారే కనపడతాయి కాబట్టి అట్లా అనిపిస్తుందని మా ఆయన అన్నారు. అది సబబుగానే తోచింది.

"చూసినవా," అన్నారు ఒకరోజు, సీసా వెలుతురుకు పెట్టి. "తిండి ఒక్కటే, ఇల్లు ఒక్కటే. రక్తమే వేరే. రక్తంల లేంది మనం తెచ్చి పెట్టలేం."

ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. తీర్పు విన్న మనిషి గొంతు అది. త్వరలో పండితుల సభలో ఇదంతా చదవబోతున్నారు. అది చదివాక ఇంక నాతో వాదించడానికి ఏమీ మిగలదని నాకు భయం పట్టుకుంది. ఆ దిగులు ఖాలాజాన్‌కు చెప్పుకున్నాను, అంతకు చాలా ముందు నుంచే చెప్పుకుంటున్నాను. గూట్లో ఈగలకు ఆయుష్షు తక్కువట, మా ఆయనకూ అట్లనేనట అని. ఆమె గాజు కింద పెట్టి, "బేజుబాన్ జాన్‌లు, పాపం," అనేది. నోరులేని జీవాలు అని. నా తల నిమిరి, "ఫికర్ చెయ్యకు," అనేది.

ఒక గురువారం నేను ఉప్పుగూడ పోలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం కొంచెమే, అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక లేకపోవడం ఎక్కువ. ఆయన ఒక్కరే, అలవాటు కొద్దీ బయట తాళం వేసి వెళ్లారు. నేను లోపలి అర్రలో పడుకున్నాను. పొద్దుగూకే వేళ తాళం తీస్తున్న చప్పుడు, తలుపు తోసుకుని ఖాలాజాన్ వచ్చింది. నేనూ వెళ్లిపోయాననుకుంది. ఆమె చేతిలో మట్టి ధూపపు కుండ, దాంట్లో నిప్పులు, నిప్పుల మీద లోబాన్, అంటే సాంబ్రాణి, గుప్పుమంటోంది.

గురువారం, ఆమె మాటల్లో జుమేరాత్, సాయంత్రం లోబాన్ పొగ వేయని ఇల్లు, దుకాణం మా వైపు ఉండేవి కావు. హిందువులూ వేసేవారు, ముసల్మానులూ వేసేవారు. గల్లీ అంతా ఆ వాసనే. అందుకే మా గదిలో ఆ వాసన ఉన్నా మాకెన్నడూ కొత్తగా అనిపించలేదు. కానీ ఆమె గదంతా పొగ తిప్పలేదు. తిన్నగా గూటి దగ్గరికి పోయి, కుండ దాని కింద పెట్టి, భుజం మీది దుపట్టా తీసి గూటికి అడ్డంగా కట్టింది. పసిపిల్లలకు తలంటి పొగ పడతారే, బుట్ట మీద గుడ్డ కప్పి, అచ్చం అట్లాగే. పెదవులు కదుపుతూ దువా చదువుతోంది, విసనకర్రతో పొగను లోపలికి విసురుతోంది.

"ఏం జేస్తున్నరు ఖాలాజాన్?" అన్నాను.

ఉలిక్కిపడింది, తర్వాత నవ్వింది. "ఉన్నవా బేటీ? ఏం లేదు. పోయిన రంజాన్ సంది ప్రతి జుమేరాత్ పొగ పడ్తనే ఉన్న. వీళ్లకు ఉమర్ తక్కువ అంటివి గద. నజర్, దిష్టి ఏమన్న ఉంటె పోతది. మాస్టర్ సాబ్‌కు గూడ మంచిగైతది. మస్తుగ చస్తున్నయంటివి, పోయిన నెల సంది లోబాన్ ఎక్కువ ఏస్తున్న."

నేను లేచి కూర్చున్నాను. జ్వరం ఎటు పోయిందో తెలియదు. దుపట్టా తీసి చూస్తే సీసాల్లో ఈగలు దూది అంచున గుంపుగా చేరి, కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఆమె చేస్తున్నది వాటిని బతికించడానికి. అవి చస్తున్నకొద్దీ ఇంకొంచెం ప్రేమగా పొగ వేస్తోంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, అప్పుడామెకు ఏమీ చెప్పలేకపోయాను.

శుక్రవారం సాయంత్రం ఆయన తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాక చెప్పాను. ముద్ద కలుపుతున్న చేయి ఆగిపోయింది.

"ఎప్పటిసంది?"

"పోయిన రంజాన్ సందట."

కోప్పడతారనుకున్నాను. చేయి కడుక్కుని లేచి, ఎన్నడూ తాకనివ్వని ఆ సీసాల్లో కొత్త తరం ఈగలున్న వాటిని తీసి అటువి ఇటు, ఇటువి అటు మార్చారు. ఉప్పుగూడవి లోపలి చెక్క మీదికి వచ్చాయి, బజారువి గూట్లోకి పోయాయి. "ఇగ ఆమెను ఎప్పటిలెక్కనే పొగ ఎయ్యమను," అన్నారు.

ఎందుకో చెప్పకుండా అడగడం నావల్ల కాలేదు. ఖాలాజాన్ అంతా విని గోడకు ఆనుకుని కూలబడింది.

"నేను చంపిన్నా బేటీ? బతకాలని దువా చేసుకుంట ఉంటి గద. ఇగ ఈ చేతుల తోటి లోబాన్ ఎట్ల ఎయ్యాలె?"

మా ఆయన వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "ఖాలాజాన్, మీరు ఎయ్యకపోతె నేనే ఏస్త. మీరు పొగ పెట్టుడు తెల్వకుంటె నేను సభల అబద్ధం చదువుదును. గది నిజమని నేను గూడ నమ్ముకుంట చచ్చిపోదును. నాకు మీరు చేసింది చెడుపు కాదు."

ఆమె ఒప్పుకోలేదు. ఇక ఆయనే మొదలుపెట్టారు. ఆ తర్వాతి గురువారాలు ఉప్పుగూడ ప్రయాణం మానేసి ఇంట్లోనే ఉన్నాం. నిప్పు రాజేయడం చేతకాక కళ్లు ఎర్రగా చేసుకుని, దగ్గుతూ, నా పాత చీర ముక్క గూటికి కట్టి విసిరేవారు. ఖాలాజాన్ దూరం నుంచి చూసి, "అట్ల కాదు మాస్టర్ సాబ్, నిప్పు మీద బూడిద తియ్యాలె," అని నేర్పించేది, మళ్లీ తప్పు చేసినట్టు మొహం తిప్పుకునేది.

దీర్ఘాయుష్షు గల బజారు ఈగలు గూట్లో టపటపా రాలిపోయాయి. ఆయుష్షు తక్కువ అనుకున్న మా ఉప్పుగూడ ఈగలు లోపలి చెక్క మీద ముసలివై, రెక్కలు చిరిగి, అయినా చావకుండా సీసా గోడల మీద పాకుతూనే ఉన్నాయి. వాటి రక్తం నిన్నటిదే. మారింది చోటు. రెండేళ్ల శ్రమ మూసీలో కలిసింది. నాకు మాత్రం ఆ చిరిగిన రెక్కల ముసలి ఈగలను చూస్తే ముద్దొచ్చింది, దేవుడి మీద ఒట్టు.

ఆ వచ్చిన శుక్రవారం ఉప్పుగూడలో పచ్చిపులుసు మధ్యలో మా ఆయన వాళ్లమ్మను అడిగారు. "అమ్మా, బాపు, తాత యాడ కూసుని పని చేసెటోళ్లు?"

మా మామగారిదీ ఆయన తండ్రిదీ గిల్టు పని. పాదరసంలో బంగారం కలిపి వెండి సామాను మీద పూసి నిప్పుల మీద కాలిస్తే, పాదరసం పొగై పోతుంది, బంగారం అంటుకుని ఉంటుంది. ఆ పని ఇంట్లో గర్వంగా చెప్పుకునేవారు. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

"చార్మినార్ వెనక గల్లీల," అన్నారు అత్తగారు. "ఒకటే అర్ర. ఒకటే తలుపు. గాలొస్తె నిప్పు చెదురుతదని దాన్ని గూడ మూసి పెట్టుకునెటోళ్లు. మీ తాత కూసున్న పీట మీదనే మీ బాపు కూసున్నడు. ఆఖరికి పండ్లు ఊడినయి, చేతులు వణికి ముద్ద నోట్లెకు పోకపోతుండె. ఇద్దరికీ గట్లనే. మన ఇంట్ల ఉన్నదే గదని..."

మా ఆయన చిన్నాయన వైపు తిరిగారు. అన్నంలో పులుసు పోసుకుంటున్నాడు ఆయన. చేయి స్థిరంగా ఉంది. వాళ్ల అన్న పోయిన వయసు దాటి ఎన్నో ఏళ్లయింది ఆయనకు. ఇన్ని శుక్రవారాలు మా ముందే కూర్చుని తిన్నాడు, మేమెవరం చూడలేదు.

"చిన్నాయనా, నువ్వెందుకు గా పనికి పోలె?"

"నాకు గా పొగల ఊపిరి ఆడకపోతుండె. రెండు రోజులు కూసుని పారిపోయిన. బాపు తన్నిండు గూడ. పట్టాల మీద గాలన్న వస్తది అనుకున్న," అని, వదిన వైపు గిన్నె జరిపాడు. "ఎందుకు?"

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. కొడుకును ఆ అర్రకు పంపకుండా బడికి పంపింది ఆమే. పీటా పనిముట్లూ అమ్మి పంపింది. తెలియకుండానే ఆమె ఆయన్ను ఆ పొగలోంచి బయటికి లాగిందని ఆ రోజు నాకు అర్థమై, ఆమె మీద ఉన్న కోపమంతా పోయింది. వంటింట్లోకి పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన శాలిబండ దగ్గర పడ్డాక అన్నారు. "గిది రుజువు కాదు. ఇద్దరు మనుషులను చూసి శాస్త్రం చెప్పొద్దు."

"మీ భయానికి మాత్రం ఏం రుజువున్నది?" అన్నాను.

ఆయన నడక ఆపి నా మొహంలోకి చూశారు. "లేదు," అన్నారు. మళ్లీ అడుగేస్తూ, "ఇగ నీకేం కావాల్నో గది కానియ్యి," అన్నారు. అంత ముద్దుగా ఒప్పుకున్న మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడేమో నాకు తెలియదు. నాకది చాలు.

సభలో ఆయన లోబాన్ సంగతే చదివారు. కొందరు నవ్వారట. ఎంత నవ్వినా ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఆ పైన కొత్త జంటలతో, సీసాలు ప్రతివారం చోటు మార్చి పెడుతూ మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టారు. ఆయుష్షులో రక్తం పాలు కొంత ఉంటుందనీ, ఎంతో చెప్పాలంటే ముందు గాలి, పొగ, తిండి అన్నీ వేరు చేయాలనీ ఆయన చివరిదాకా చెప్పిన మాట. ఆ మరుసటి ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. అత్తగారు ఉప్పుగూడ నుంచి దిగి మూడు నెలలు కదల్లేదు. ఖాలాజాన్ పిల్ల చేతికి పట్టేంత సన్న గాజులు తానే చేసి తెచ్చింది. ఆ ఇద్దరు ముసలమ్మలూ పిల్లను ఎవరెత్తుకోవాలని రోజూ తగువులాడుకునేవారు, నాకు పాలివ్వడానికి కూడా చేతికిచ్చేవారు కాదు.

పిల్ల నడిచి, పరుగెత్తి, మాటలు నేర్చాక, మా మామగారు పోయిన వయసును మా ఆయన దాటిన రోజు వచ్చింది. అది ఏ రోజో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఉప్పుగూడలో అత్తగారికీ తెలుసు. రుజువులు, శాస్త్రం ఎన్ని చెప్పినా ఆ పొద్దు నేను ఆయన కన్నా ముందే లేచి ఆయన ఊపిరి చూస్తూ కూర్చున్నాను. ఆయన మామూలుగా లేచి, వాకిట్లో మొహం కడుక్కుని, వానలకు పెచ్చులూడిన ప్రహరీ గోడ దగ్గర నిలబడి కాసేపు చూశారు. ఖాలాజాన్ మంచం మీద గాజులు పరుచుకుని ఉంది.

"ఖాలాజాన్," అన్నారు, "గీ గోడ వచ్చే ఏడు వానలు పడకముందే బాగ చేపిద్దాం. దాని పక్కకు పిల్లకొక ఉయ్యాల ఎయ్యాలె."

"ఇన్షా అల్లా," అంది ఆమె, గాజు మీద నుంచి తలెత్తకుండా.

మా పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట 'వచ్చే ఏడు' అన్న మాట నేను వినలేదు. పండగైనా, బట్టలైనా, ఉద్యోగమైనా ఆయనకు ఈ ఏడే ఉండేది. నేను వంటింట్లోకి పోయి గోడకు తిరిగి మనసారా ఏడ్చాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చి, ఏమైందని అడిగారు.

"ఏం గాలె," అన్నాను. "గోడ ముచ్చట ఇంకోసారి చెప్పుండ్రి."

ఆయన చెప్పారు.